ఆయన రారు, నేను వెళ్ళొచ్చా?

ప్రశ్న:

నా వయసు 66. రాజోలు దగ్గర పల్లెటూరు మాది. మావారికి 71. కాలవల డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి అమెరికాలో ఉంటారు. ఇంట్లో మేమిద్దరమే. తిండికి లోటు లేదు, గొడవలూ లేవు. కానీ మూడు నాలుగేళ్ళుగా ఆయన ఎక్కడికీ కదలడం లేదు. పెళ్ళిళ్ళకి కూడా నన్నొక్కదాన్నే వెళ్ళి అక్షింతలు వేసి రమ్మంటారు. పొద్దస్తమానం టీవీ, అదీ వీధి చివరికి వినపడేంత సౌండు. రాత్రి నాలుగుసార్లు లేస్తారు, పొద్దున్న నిద్ర చాలలేదని విసుక్కుంటారు. బయటికంటూ వెళ్ళేది ఒక్కటే, సాయంత్రం వీధి చివర కాలవ దగ్గరికి. నీళ్ళెంత ఉన్నాయో చూసి వచ్చేస్తారు. ఎక్కడికైనా వెళ్దామంటే "మోకాళ్ళు" అంటారు, "ఈ వయసులో మనకెందుకు" అంటారు, "2027 పుష్కరాలకి పిల్లలొస్తారుగా, అప్పుడు చూద్దాం" అంటారు. మా పుట్టింటి ఊరి ప్రభ, అదే దేవుణ్ణి ఊరేగించే పెద్ద వెదురు చట్రం, ఏటా కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్తుంది. ఇక్కణ్ణించి గంట ప్రయాణం. ఈ ఏడు అది ఫోనులో లైవు చూశాను, వంటింట్లో కూర్చుని. మా వీధి ఆడవాళ్ళు కోలాటం నేర్చుకుంటున్నారు, శనివారాలు వాడపల్లి వెంకన్న గుడికి వెళ్తున్నారు, నన్నూ రమ్మంటున్నారు. ఆయన్ని ఇంట్లో వదిలి తిరగడం తప్పా? ఆయన్ని మార్చే దారి ఏమైనా ఉందా? ఇంకో మాట. నా చేతిలో విడిగా డబ్బు ఉండదు, ప్రతిసారీ అడగాలంటే మొహమాటం.

– పేరు వద్దు, రాజోలు మండలం

జవాబు:

అక్కగారూ,

తప్పు కాదు, వెళ్ళండి. పొద్దున్న బయల్దేరి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరే ప్రయాణానికి బావగారి అనుమతి అక్కర్లేదు, చెప్పి వెళ్తే చాలు. అన్నం, కూర, పెరుగు మూతలు పెట్టి ఉంచండి. మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్రలు కనపడేచోట పెట్టండి. ఏళ్ళ తరబడి కాలవలూ గట్లూ చక్కబెట్టిన మనిషి ఒక్కపూట వడ్డించుకుని తినలేరా? మొదటిసారి అలుగుతారు. ఆ అలకకి జడిసి రెండోసారి మానేశారంటే మాత్రం మీరూ ఆయన పక్కన టీవీ ముందు కూర్చోవాల్సిందే.

అయితే మీ ఉత్తరంలో నేను రెండుమూడుసార్లు చదువుకున్నది మీ గురించి కాదు, బావగారి గురించి. మోకాళ్ళు, వయసు, పుష్కరాలు అని ఆయన చెప్పే కారణాలు మూడు రాశారు. వాటికంటే మీరు మామూలు విసుగుతో రాసిన రెండు మాటల మీదే నాకు అనుమానం. ఒకటి టీవీ సౌండు, రెండోది రాత్రి నాలుగుసార్లు లేవడం.

ముందు రెండోది. రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి పగలు కూడా తరచూ వెళ్ళాల్సిన మనిషే అయ్యుంటారు. ఇంట్లో అయితే ఎవరికీ తెలియదు. బస్సెక్కితే? రాజోలులో ఎక్కి అమలాపురంలో దిగేదాకా ఆయన మనసంతా దానిమీదే ఉంటుంది. డ్రైవరు ఆపుతాడా, ఆపినా ఎక్కడ, జనంలో ఎలా అని. మగవాళ్ళు ఈ సంగతి పెళ్ళాంతో కూడా చెప్పుకోరు. మోకాళ్ళని చెబుతారు, ఎందుకంటే మోకాళ్ళ నొప్పి అనడానికి సిగ్గు అక్కర్లేదు. ఈ వయసు మగవాళ్ళలో ప్రోస్టేటు గ్రంథి పెరగడం చాలా మామూలు విషయం, దానికి మందులున్నాయి. షుగరు ఎక్కువైనా లేవాల్సి వస్తుంది. నీరు పోయే రకం బీపీ మాత్ర సాయంత్రం వేసుకున్నా అంతే. ఏది కారణమో డాక్టరే చెప్పాలి. మాత్రల వేళలు మీరుగా మార్చకండి. యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు "మీకు రాత్రి నిద్ర ఉండటం లేదు, దానికోసం" అనండి, ప్రయాణాల ఊసెత్తకండి.

ఇక సౌండు. వీధి చివరికి వినపడేంత పెట్టారంటే ఆయనకి చెవులు మందగించాయేమో చూడాలి. వినికిడి తగ్గినవాళ్ళకి ఇంట్లో ఒకరితో మాట్లాడటం అంత కష్టం కాకపోవచ్చు. పెళ్ళిలో సన్నాయి మోగుతుంటే, నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే అంతా గజిబిజి. ఎవరో ఏదో అడుగుతారు, ఈయన ఇంకేదో చెబుతారు, కుర్రకారు కిసుక్కుమంటారు. అలాంటివి రెండు జరిగితే చాలు, మూడో పెళ్ళికి "నువ్వొక్కదానివీ వెళ్ళిరా" అంటారు. ఈఎన్‌టీ డాక్టరు ముందు చెవిలో గులిమి గట్టిపడిందేమో చూస్తారు. ఒక్కోసారి అది తీయించడంతోనే సగం తేడా తెలుస్తుంది. కాకపోతే వినికిడి పరీక్ష చేసి, అవసరమైతే మిషను రాస్తారు. మిషనుకి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజే "బాగుందా, బాగుందా" అని అడిగి విసిగించకండి.

ఈ రెండూ చూపించకుండా ఆయన్ని మార్చాలని కూర్చుంటే మీకు నోరు నొప్పి, ఆయనకి చెవి నొప్పి. "పాజిటివ్‌గా ఉండండి" అని మాత్రం దయచేసి అనకండి. అలా చెప్పించుకున్నవాళ్ళు ఒక్కరు కూడా ఉత్సాహంగా లేచి రావడం నేను చూడలేదు.

ఇంకో సంగతి కూడా గమనిస్తూ ఉండండి. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, తిండి తగ్గిపోవడం, "ఇంక ఉండి ఏం లాభం" లాంటి మాటలు రెండు వారాలు దాటి కొనసాగితే అది బద్ధకం కాదు, వయసూ కాదు, వైద్యం చేయించాల్సిన డిప్రెషన్ కావచ్చు. మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది. రెండింటికీ డబ్బులు తీసుకోరు. మీవారు రోజూ కాలవ నీళ్ళు చూసి వస్తారని రాశారు కాబట్టి నాకు అంత భయం లేదు. ఆసక్తి చచ్చిపోయిన మనిషి నీటి మట్టం చూడటానికి వెళ్ళరు.

ఆ కాలవే మీకు దారి. మీరు ఆయన్ని ఎక్కడెక్కడికి రమ్మన్నారో రాయలేదు కానీ నా ఊహ, గుళ్ళకీ పెళ్ళిళ్ళకీ అయ్యుంటుంది. అక్కడ ఆయన వందమందిలో ఒకరు. చెప్పులెక్కడ పెట్టాలో, లైను ఎటుందో వేరేవాళ్ళు చెబితే వినాలి. ఆయన నలుగురికీ చెప్పేచోటికి తీసుకెళ్ళి చూడండి. పి.గన్నవరం అక్విడక్టు మీకు ఎంత దూరం? కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంటే పైన వంతెన మీద కాలవ పోతూ ఉంటుంది. మీ రాజోలు వైపు పొలాలకి అందే నీళ్ళు అలా ఏటిని దాటి వచ్చినవే. పాతది 1850లలో కట్టారు. కొత్తదానికి ఆ మండలంలోని లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఈ ముక్క ఏ కుర్రాడైనా ఫోనులో చూసి చెబుతాడు. ఏ తూములోంచి ఎన్ని ఎకరాలకి నీరందుతుందో, గండి పడ్డ రాత్రి ఎవరెవరు ఇసక బస్తాలు మోశారో బావగారే చెప్పాలి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "అలా తిరిగొద్దాం రండి" అంటే రారు. "మన ఇంటిముందు కాలవలోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయో మనవడికి వీడియో తీసి పంపుదామనుకుంటున్నాను, చెప్పేవాళ్ళు కావాలి" అనండి. మొదటిసారికి బస్సు వద్దు. ఆటోనో కారో మాట్లాడుకోండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఆ ఆపడం కూడా మీ కోసమే అన్నట్టు ఉండాలి, "నేనోసారి దిగాలి" అని మీరే అనండి. ఒక పూటలో ఇంటికొచ్చేస్తారు. ఏప్రిల్ వస్తే కాలవలు కట్టేస్తారు, ఈలోపే వెళ్ళాలి. ఆ మాట మీకన్నా ఆయనకే బాగా తెలుసు.

అది కుదిరితే తరవాత ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట వల్లే కదా మన డెల్టా ఇలా పచ్చగా ఉంది. ఇప్పుడున్న బ్యారేజీ నాలుగు ముక్కలుగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని సాగుతుంది. ఒడ్డున కాటన్ మ్యూజియం ఉంది, ఆనకట్ట నమూనాలు పెట్టారు. అక్కడ బావగారిని వదిలేసి మీరు ఒక చెట్టు కింద కూర్చోండి. ఆయనే ఎవరో ఒకరిని పట్టుకుని వివరించడం మొదలుపెడతారు. దారిలో ఒక జాగ్రత్త. బయటికెళ్ళే రోజు "మళ్ళీ బాత్రూం గొడవ" అని ముందురోజు నుంచే నీళ్ళు మానేసే అలవాటు చాలామంది పెద్దవాళ్ళకి ఉంది. మన ఉక్కపోతలో కళ్ళు తిరిగి పడిపోవడానికి అదొక్కటి చాలు. నీళ్ళు తాగనివ్వండి, ఆపే చోట్లు ముందే చూసుకోండి.

ఇక మీ సంగతి. వాడపల్లి వెళ్ళండి. ఏడు శనివారాల మొక్కు అనేది మన అమ్మమ్మల కాలం తెలివితేటల్లాంటిదే. "తిరగడానికి వెళ్తున్నాను" అంటే వంద ప్రశ్నలు, "మొక్కుకున్నాను" అంటే ఒక్కటీ ఉండదు. ఏడు వారాల్లో కాళ్ళకి దారి అలవాటవుతుంది, బస్సులో పక్కసీటు మనిషి స్నేహితురాలవుతుంది, ఎనిమిదో శనివారం ఇంట్లో ఊరికే కూర్చోబుద్ధి కాదు. భక్తి లేదనడం లేదు సుమా. వేంకటేశ్వరుడికి మీరు ఎందుకొచ్చారో తెలుసు, ఆయనకేం అభ్యంతరం ఉండదు. శనివారం జనం విపరీతం కాబట్టి తెల్లవారకముందే బయల్దేరే బృందంతో వెళ్ళండి. మీ ఆధార్ కార్డు పర్సులో ఉంచుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు లేవు. సూపర్ లగ్జరీ లాంటివాటికి మాత్రం కొనాలి. బావగారికి అరవై దాటాయి కాబట్టి ఆర్టీసీలో పావు వంతు తగ్గింపు ఉంది, వయసు రుజువు చూపిస్తే ఇస్తారు.

వాడపల్లి దాకా వెళ్ళి ఆత్రేయపురంలో ఆగకుండా రాకండి. పూతరేకులు మన ఇళ్ళలో తినేవే, 2023లో ఆ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ రేకు తీయడం దగ్గరుండి చూశారా? బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, రెండు చేతులతో చెరో కొస పట్టుకుని, కుండ మీద పరిచినట్టే పరిచి లాగేస్తారు. గుడ్డ వెళ్ళిపోతుంది, దాని ముద్ర ఒకటి కుండ మీద మిగులుతుంది, అదే రేకు. కాగితం కన్నా పల్చన. మీ వయసు ఆవిడ మాట్లాడుతూనే, కుండ వంక చూడకుండానే ఒకదాని తరవాత ఒకటి తీసేస్తూ ఉంటుంది. రోజంతా పొయ్యి సెగ ముందు కూర్చుని చేసే పని అది, కొనేటప్పుడు బేరమాడకండి. బావగారికి షుగరుంటే ఒక్కటే పెట్టండి, మిగతావి దాచేయండి. అన్నట్టు కాలవ నీళ్ళని అదుపు చేసే లొల్ల లాకులు కూడా ఆ మండలంలోనే ఉన్నాయి. మూడో శనివారమో నాలుగో శనివారమో ఈ మాట ఆయన చెవిన వేసి చూడండి.

కోలాటం చేరడానికి ఆలోచించకండి. "ఈ వయసులో ఏమిటీ గెంతులు" అనేవాళ్ళు రెండు వారాలంటారు, తరవాత వాళ్ళకి వేరే పని దొరుకుతుంది. మీకు మోకాళ్ళ నొప్పులుంటే వంగి తిరిగే మలుపులు వదిలేసి బయటి వరసలో నిలబడతానని గురువుకి ముందే చెప్పండి. కింద బాసింపట్టు వేసుకుని గంటసేపు కూర్చుని లేవడం కన్నా నెమ్మదిగా అడుగులు వేయడమే నయం. పైగా మీ ఊరి గుడి ఉత్సవానికి ప్రేక్షకురాలిగా కాకుండా చేసేవాళ్ళలో ఒకరిగా వెళ్తారు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో మొదటిసారి చీర కట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు మీకే తెలుస్తుంది.

కార్తీకంలో పంచారామాలు ఒకే రోజులో చూపిస్తామని ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది. మీ కాళ్ళు గట్టివే అయితే ఒకసారి సరదాగా వెళ్ళండి కానీ నాకు ఆ పరుగు నచ్చదు. అయిదింటిలో అమరావతి ఒక్కటే దూరం. మిగతా నాలుగూ మన పక్కనే. పాలకొల్లు మీకు చించినాడ వంతెన దాటితే వచ్చేస్తుంది. సోమవారం కాకుండా మంగళవారమో బుధవారమో వెళ్తే గోపురం కింద నిలబడి తలెత్తి తీరిగ్గా చూడొచ్చు. ద్రాక్షారామంలోనూ సామర్లకోటలోనూ లింగం రెండంతస్తుల ఎత్తు, పైభాగం దర్శనానికి మెట్లెక్కాలి. భీమవరంలో అయ్యవారు కింద, అన్నపూర్ణమ్మ పైన. మెట్లున్నాయని తెలిసి వెళ్తే బెంగ ఉండదు, నెమ్మదిగా ఎక్కొచ్చు.

పాపికొండలు మాత్రం ఇప్పుడే ఎత్తకండి. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దిగే బోటు, మధ్యలో దిగిపోదామంటే కుదరదు. బావగారి నిద్ర సమస్య కుదుటపడ్డాక, వరదలు తగ్గిన చలికాలంలో చూసుకోవచ్చు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం అందరికీ గుర్తుంది. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని ఒళ్ళోనో వీపు వెనకో పెట్టుకుని కూర్చోకండి, వేసుకుని కట్టుకోండి.

జగ్గన్నతోట గురించి మీరు రాసిన వాక్యం చదివి నాకు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియదు. కనుమనాడు కాకైనా కదలదంటారు. కోనసీమలో మాత్రం పదకొండు ఊళ్ళ రుద్రులు ఆ రోజే ఊరేగింపుగా బయల్దేరతారు. 2023 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్ర శకటంగా ఈ ప్రభల తీర్థమే ఢిల్లీ దాకా వెళ్ళింది. ఆ పదకొండింటిలో మీ పుట్టింటి ఊరి ప్రభ ఒకటి, మీరేమో ఫోనులో చూశారు!

వచ్చే కనుమకి ఇలా చేయండి. తీర్థంలోకే నేరుగా వెళ్ళాలని లేదు. సంక్రాంతి రాత్రికే పుట్టింటికి చేరిపోండి. అన్నదమ్ములుంటే వాళ్ళింట్లో, లేకపోతే చిన్ననాటి స్నేహితురాలింట్లో. కనుమ పొద్దున్నే వెదురు చట్రానికి కొత్త బట్టలు చుట్టి, రంగురంగుల దారాలు కట్టి ప్రభని సింగారించే చోట ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. ఊళ్ళో ఎవరి కోడలు ఎవరో, ఎవరి మనవడు ప్రభ మోస్తున్నాడో అక్కడే తెలుస్తుంది. తీర్థంలో ఆ తీరిక ఉండదు. ప్రభ ఎత్తేదాకా ఉండి, ఓపికుంటే తోటకి వెళ్ళండి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ నీళ్ళలోంచి దాటడం చూడాలంటే గట్టున ముందే చోటు చూసుకోవాలి. ప్రభ వచ్చే దారికి అడ్డంగా మాత్రం నిలబడొద్దు. ఊపు మీద పరిగెత్తే కుర్రాళ్ళు అంత బరువు పట్టుకుని టక్కున ఆగలేరు. తిరిగొచ్చేటప్పుడు అంబాజీపేటలో పొట్టిక్కలు, అవే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, దొరికితే పట్టుకెళ్ళండి. పనసాకు వాసన బావగారికి చెప్పాల్సిందంతా చెబుతుంది.

పుష్కరాల సంగతి. పిల్లలు వస్తామంటే సంతోషం, రానివ్వండి. వాళ్ళకి దొరికేది నాలుగు రోజుల సెలవు, అందులో సగం బంధువులకే సరిపోతుంది. అప్పటిదాకా ఇంట్లో కూర్చోవడానికి అది కారణం కాదు. 2015 పుష్కరాల మొదటిరోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాట తలుచుకుని బావగారు భయపడుతుంటే ఆ భయం సబబే. పుష్కరం పన్నెండు రోజులు. మీ పక్కన పారే వశిష్ఠ కూడా గోదావరే. మధ్యలో ఏదో ఒక మామూలు రోజున, దగ్గర రేవులో, ఎండెక్కకముందు స్నానం చేసి రండి. పిల్లలకి ఇప్పుడే ఈ మాట చెప్పి పెట్టండి, లేకపోతే మొదటిరోజు రాజమండ్రికే టికెట్లు కొంటారు.

చివరికి డబ్బు. మొహమాటం ప్రతిసారీ అడగడంలో ఉంది, కాబట్టి ప్రతిసారీ అడగకండి. పాలకీ కరెంటుకీ గ్యాసుకీ తీసినట్టే మీ ప్రయాణాలకి నెలకింత అని ఒకేసారి మాట్లాడుకోండి. బస్సు ఖర్చు లేదు కాబట్టి పెద్ద మొత్తం అక్కర్లేదు, కాఫీకీ ప్రసాదానికీ ఆటోకీ ఉంటే చాలు. మిగిలింది తిరిగి ఇవ్వక్కర్లేదు, లెక్కా చెప్పక్కర్లేదు, ఆ మాట కూడా మొదటే అనేయండి. మీ పేరు మీద బ్యాంకు ఖాతా ఉంటే అందులో వేయించుకోండి. ఒకటో తారీఖున పింఛను పడగానే, సాయంత్రం కాలవ దగ్గర్నించి ఆయన తిరిగొచ్చాక అడగండి. నీళ్ళు నిండుగా ఉన్న రోజైతే ఇంకా మంచిది.